జనవరి పదకొండు

ఎనుమాముల యార్డుల మిర్చి దిగే కాలం.
మార్చి పంతొమ్మిది, పొద్దుగాల పదిన్నరకు
మా అడ్తి దుకాణం కంప్యూటర్ నీలిరంగు మొకం పెట్టి
ఒక్క ఇంగ్లీషు వాక్యం చెప్పి కన్నుమూసింది.
బయట కాంటా ఆగలె.
"డెబ్బై రెండు బస్తాలు, రాసుకో బిడ్డా" అని
ఓదేలు అరుస్తనే ఉన్నడు.

హన్మకొండ నుంచి మొయిన్ వచ్చి
డబ్బ మూత తీసిండో లేదో
దుకాణం దుకాణమంత దగ్గింది.
ఫ్యాను రెక్కల మీద, మదర్‌బోర్డు సందులల్ల
వేలు మందాన ఎర్రటి దుమ్ము.
"కారం తిని సచ్చింది అక్కా," అన్నడు ముక్కు తుడుసుకుంట.
"హార్డ్ డిస్క్ పోయింది. ఇగ దాన్ని లేపలేం."

గల్లాపెట్టెల, లక్ష్మీదేవి పటం ఎనుక
పాలిథిన్ కవరు సుట్టిన ఇంకో డిస్కు ఉన్నది.
నేనే పెట్టిన, సీజన్ మొదలుగాక ముందు.
పాడైన ఫోను బ్యాటరీ అనుకున్నడట సేటు, ఇన్నాళ్లు.
"ఫైళ్లు ఒక్కటే కాదు సేటూ,
ఆ దినం ఈ మిషిన్ ఎట్లున్నదో అట్లనే, మొత్తం
అచ్చు పోసినట్టు తీసిపెట్టిన" అంటే
"మరి నిన్నటిది?" అన్నడు.
నిన్నటిది లేదు.

కొత్త డిస్కు బిగించిండు.
మూడు శాతం. పదకొండు శాతం.
నలభై కాడ కరెంటు రెప్పకొట్టింది,
యూపీఎస్ కీచుమన్నది, మొయిన్ పెదాలు కదిలినయి,
గట్టెక్కింది.
తొంభై తొమ్మిది కాడ అది ఎంతసేపు కూసున్నదో,
అంతసేపు నేను ఏ పరీక్ష ఫలితం ముంగట గూడ కూసోలె.

తెరుసుకున్నది.
మూలకు గడియారం సరిగ్గనే నడుస్తున్నది:
లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటది,
దానికి తెలుసు ఇయ్యాల ఏ తారీకో.
మిగతాదంత జనవరి పదకొండే.
తేజ రకానికి అప్పటి ధర.
ఇంకా రాలేదని ఎర్రగ సూపిస్తున్న లారీలు
వచ్చి, నిండి, నాగ్‌పూర్ దాటి పోయినవే.
నేను సగం కొట్టి ఆపిన సెలవు చిట్టీ:
"మా చెల్లెకు నెలలు నిండినయి గనుక..."

అరవై ఏడు దినాలు లేవు.
వాటిని గోనెసంచిల నుంచి తోడినం.
కార్బన్ కాయిదం కింద మసకబారిన తక్‌పట్టీలు,
గోడ మీద సుద్దగీతలు, ఐదోది అడ్డం,
అవి గూడ దొరకని కాడ ఓదేలు.
కండ్లు మూసుకొని చెప్తడు:
"నల్లబెల్లోళ్లవి ఇరవై రెండు, అండ్ల మూడు తాలు.
ఆ దినం ఘాటు తక్కువ, మంచు తడి ఉండె."
పట్టీతోని కలిపి సూస్తే ఒక్క బస్తా తేడా.
తప్పు పట్టీదే అన్నడు. కావచ్చు.

బాకీల కత వేరే.
లెక్క పోయిందని యార్డంత తెలిసిపోయింది.
ఇద్దరు గడప దాక వచ్చి, తెరదిక్కు సూసి,
బీడీ ముట్టించుకొని మర్లిపోయిన్రు.
వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఈడ రాయను.
బుచ్చమ్మ ఒక్కతె లోపలికొచ్చి కొంగుముడి ఇప్పింది:
చీరెతోపాటు ఉతుకుడు పడ్డ చిట్టీ,
అంకెలల్ల సగమే మిగిలింది.
"శివరాత్రి ముంగట నాలుగు వేలు తీస్కున్న, ఎక్కియ్యి.
నాకు రావల్సిన ఏడు క్వింటాళ్ల పైసలు గూడ ఎక్కియ్యి.
రెండూ ఎక్కియ్యి."
సేటు సీలింగు ఫ్యాను దిక్కు సూసిండు.
నేను రెండూ ఎక్కిచ్చిన,
ముందుగాల ఆమెకు రావల్సింది.

రాత్రి ఎనిమిదింటికి, యార్డు లైట్లు వెలిగినంక,
మొయిన్ కొత్తగ ఇంకో అచ్చు తీస్తున్నడు.
వారం వారం తియ్యాలె అంటున్నడు.
వారానికెంత అంటున్నడు సేటు.
సెలవు చిట్టీ తుడుద్దమని
మౌసు మీద చెయ్యి పెట్టి ఆగిన.
ఇంటికాడ పిల్లకు రెండు నెలలు,
నా గొంతు ఇంటే మొకం తిప్పుతది.
చిట్టీని అట్లనే ఉంచిన.
ఈ డిస్కుల గూడ మా చెల్లె
నొప్పుల కోసం ఎదురుసూస్తనే ఉంటది.