సంతకం చెల్లని తక్కెడ

రాత్రి రెండూ పదికి, ఎవరూ చూడకుండా
అప్‌డేట్ వచ్చి కూర్చుంది.
పొద్దున అయిదింటికి డెయిరీ షట్టర్ ఎత్తేసరికి
తెర కడిగిన పలకలా, ఎంతో మర్యాదగా:
'మీ కంప్యూటర్ ఇప్పుడు సురక్షితం.'

తక్కెడ మాత్రం పలకలేదు.

బయట సావో జోర్జ్ దీవి పొగమంచులో
పికప్ బండ్లు ఒకదాని వెనక ఒకటి.
క్యాన్లలో పాలు, క్యాన్ల మీద మూతలు,
మూతల మీద మోచేతులు ఆనించి మనుషులు.
ఆవులకి అప్‌డేట్ల సంగతి తెలీదు,
వాటి వేళకి అవి చేపేశాయి.

తీగ పీకాను. తీగ పెట్టాను.
పక్క కంతలో పెట్టాను.
ఊదాను కూడా,
ఊదితే పోయే రోగం కాదని తెలిసే.
ఆపి వేశాను. వేసి ఆపాను.
జెఫెరీనో కిటికీలోంచి తల దూర్చి
"గొడ్డుకి పొదుగువాపు వస్తే
మొదట ఏ చన్నో చూస్తాం కదా, ఇదలీనా" అన్నాడు.
నిజమే.
నేను నాలుగూ ఒక్కసారే పిండుతున్నాను.

అప్పుడు కూర్చున్నాను.
చిట్టా తెరిచాను. యంత్రం రాసుకునే డైరీ అది,
ఎవరూ చదవరని తెలిసీ అబద్ధం ఆడని డైరీ.
వందల పంక్తులు, క్షేమం క్షేమం క్షేమం అంటూ.
రెండూ పన్నెండు దగ్గర ఒకే ఒక్క ఎర్ర పంక్తి:
తక్కెడ డ్రైవర్‌ని అడ్డుకున్నాం. సంతకం చెల్లదు.

ఎవరి సంతకం?
ఎర్కులానోది.
పద్దెనిమిదేళ్ళ కిందట తెర్సైరా నించి పడవలో వచ్చి
ఈ బల్ల దగ్గరే
తక్కెడకీ కంప్యూటర్‌కీ మాటలు కలిపినవాడు.
మూడు రాత్రుల పని. కూలి కొంత డబ్బు, రెండు చీజ్ చక్రాలు.
పోయి నాలుగేళ్ళయింది.
మనిషి పోయినా తూకం పోలేదు,
రోజూ రెండుపూటలా అతని చేత్తోనే తూగేవి పాలు,
నిన్నటిదాకా.

కంచే చేను మేస్తే తిట్టుకోవచ్చు.
ఈ కంచె నిజాయితీపరురాలు.
చేనునే నిలబెట్టి
నువ్వెవరిదానివి, కాగితం చూపించు అంటోంది.
దొంగలున్న మాటా అబద్ధం కాదు.
పోయినేడు రేవులో చేపల కంపెనీ లెక్కలకి
ఎవరో తాళం వేసి డబ్బడిగారు.
చచ్చినవాడి పేరు చెప్పుకుని లోపలికొచ్చేవాణ్ణి
ఆపాల్సిందే.
కానీ తల్లీ, ఇతను నిజంగానే చచ్చిపోయాడు.
పేరూ నిజంగా ఇతనిదే.

ఈలోగా పెద్దావిడ ఫెలిస్మీనా
అటక మీది ఇనప త్రాసు దింపించింది.
తుప్పు తుడిచి, రాళ్ళు పేర్చి
"నలభై ఒకటిన్నర!" అని కేకేసి
మనవడి లెక్కల పుస్తకంలో రాయబోయింది.
జెఫెరీనో గొంతు సవరించుకున్నాడు.
"నలభై ఒకటే వెయ్యి" అన్నాడు. "నురగ ఉంది."

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే సంగీతం.
సంగీతం అయ్యాక ఒక తియ్యటి గొంతు:
"డ్రైవర్ రాసినవారిని సంప్రదించండి."
సంప్రదిస్తాను లెండి, ఎప్పుడో ఒకప్పుడు.
అప్‌డేట్ తీసేద్దామంటే
రాత్రికి మళ్ళీ వస్తుంది, అప్పులవాడిలా.
మిగిలింది దొడ్డిదారి.
లేస్తూ ఉండగానే దాన్ని పట్టుకుని
మెనూ లోపలి మెనూలోకి దిగి
ఏడో మీట నొక్కితే
ఈ ఒక్కసారికి సంతకాలు అడగను అంటుంది యంత్రం.
ఒక్కసారికే. ఆపి వేస్తే కథ మళ్ళీ మొదటికి.

నొక్కాను.
తక్కెడ కుయ్యిమంది.
సున్నా. సున్నా. సున్నా.
సున్నాని చూసి అంతమంది నవ్వడం
నేనెప్పుడూ చూళ్ళేదు.

కొత్త సంతకం కోసం లిస్బన్‌కి రాశాను. ఆరు వారాలట.
చీజ్ చుట్టే కాగితం చింపి తెరకి అంటించాను:
'ఆపొద్దు. ఎవరూ ఆపొద్దు.
ఊడవడానికైనా ప్లగ్ పీకొద్దు.'
కింద నా పేరు.
రాశాక తట్టింది, అదీ సంతకమేనని.

సాయంత్రం ఎదుటి దీవిలో పికో కొండ
మబ్బు టోపీ పెట్టుకుంది.
టోపీ పెడితే గాలివాన అంటారు మావాళ్ళు.
పడుకుని కరెంటు తీగల ఈల వింటున్నాను.
బల్బు ఒకసారి రెప్పవేసింది.

బూట్లు ఎక్కడున్నాయో
చీకట్లోనే తడిమి చూసుకున్నాను.