పూతకు ముందే

ఆగస్టు నుంచీ రోజూ పొద్దున్నే
పళ్లు తోముకునే ముందు రెండు పీల్పులు.
"దగ్గు లేదుగా నాన్నా, ఎందుకు?" అంటుంది ఇమొజెన్.
వాన రాకముందే కదమ్మా
కప్పు నేసుకునేది.

బల్లారట్ దాటాక గాలికి అడ్డు లేని నేల మాది.
తాతల నాటి నుంచీ రైగడ్డి పండిస్తాం, ఎండుమేతకి.
నవంబరులో అది పూతకొస్తే
పొలం మీద పసుపచ్చని పొగ.

నిరుడు ఉరుము ముందొచ్చింది, వాన తర్వాత.
ఆ మధ్యలో వీచిన గాలి
నా పిల్ల ఛాతీలో ఈల వేసింది.
అంబులెన్సు నలభై నిమిషాల దూరం.
ప్రతి ఊపిరికీ పక్కటెముకల సందున
గుంటలు పడుతుంటే
లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

విత్తింది నేనే.

ఈసారి ఇంటి చుట్టూ ఉన్నదంతా
పూతకు ముందే కోసేశాను.
"సగం బరువు కూడా తూగదు" అన్నాడు పక్క పొలం డెస్మండ్.
తూగకపోనీ.

ఇవాళ పడమట మబ్బు దిగుతోంది.
ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాం.
కిటికీలు బిగించాం.
నీలం పంపు బల్ల మీద, చేతికందేలా.
ఇమొజెన్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

అద్దం మీద ఆవిరి మచ్చ
వచ్చింది, పోయింది,
మళ్లీ వచ్చింది.

బయట వాన మొదలైందట.
నేను చూడలేదు.