పూస రాలితే ఒక మార్కు

నిన్న మెల్‌బోర్న్‌లో నలభై మూడు డిగ్రీలు.
తారు చెప్పుకి అంటుకుని ఓ పట్టాన వదల్లేదు.
ట్రామ్ దిగి డాక్‌లాండ్స్ రింకులో అడుగుపెట్టానో లేదో
పళ్ళు టకటకలాడాయి.
ఈ ఊళ్ళో మంచు ఇంటి లోపల పండుతుంది,
కరెంటు బిల్లు మీద.

చూడ్డానికి రాలేదు నేను. సూది పట్టుకుని వచ్చాను.

టార్నీట్‌లో మా కారు షెడ్డులో కారుండదు, మగ్గం ఉంటుంది.
పెళ్ళి జాకెట్లకి జర్దోసీ నా బతుకు.
రెండేళ్ళ కిందట ఆ షట్టరు కింద నుంచి వంగి వచ్చింది
మార్గరెట్ క్విగ్లీ, భుజాన నీలం గౌనుతో.
"మా ఓర్లా స్కేటింగ్ చేస్తుంది. పూసలు కుడతారా?
ఒక్కటీ రాలకూడదు."
రాలితే?
"ఒక మార్కు కోస్తారు."

మా దగ్గర పూస రాలితే పెళ్ళికూతురే చూసుకోదు.
అక్కడ తొమ్మిదిమంది జడ్జీలు చూస్తారట.
ప్రతి పూసకీ వెనక ముడి, ముడి మీద ముడి.
రెండు వేల నూట నలభై.

ఆ ముళ్ళలో నేనూ చిక్కుకున్నాను.
కొలతల పుస్తకంలో ఒక పేజీ హైమవతి జబ్బ పదమూడున్నర,
ఎదురు పేజీ ఓర్లా షార్ట్ ప్రోగ్రాం యాభై ఒకటి పాయింటు ఆరు.
ఈ దేశానికి స్కేటర్లు గుప్పెడు.
పొద్దున టైర్లు మార్చి సాయంత్రం గాల్లో తిరిగే
బ్రిస్బేన్ కుర్రాడు కేలమ్ ఫెరాండో,
ఇద్దరిలో ఒకరికి పాస్‌పోర్టు రాక ఆగిపోయిన సిడ్నీ జంట.
కనీస మార్కు కోసం వాళ్ళు టాలిన్‌కీ జాగ్రెబ్‌కీ ఎగిరిపోతే
ఆ ఊళ్ళ గడియారాలు నా వంటింట్లో తిరిగేవి.
పావు చుట్టు తక్కువై దిగితే అప్పు కింద రాస్తారనీ
అరచెయ్యి ఆన్చి లేచినా కోత ఉంటుందనీ తెలిసింది.

"వాళ్ళు నీకేమవుతారు?" అన్నాడు మా ఆయన.
కస్టమర్లు అన్నాను.
సగం అబద్ధం.

సెప్టెంబరులో చివరి పోటీ. ముప్ఫైమంది, ఆరు చోట్లు.
రాత్రి మూడింటికి ఫోన్లో బొమ్మ ఆగిపోయింది,
అంకెలు మాత్రం కదులుతున్నాయి.
మూడో దూకుడు దగ్గర ఎర్ర గడి. పడింది.
అట్టడుగున, తీసివేతలు: రెండు.
ఒకటి పడినందుకు.
మరి రెండోది?
ఏడో స్థానం. సున్నా పాయింటు ఏడు తేడా.

ఎవర్నీ అడగలేదు.
గౌను వెనక్కి వచ్చేదాకా పదకొండు రోజులు
ఏ పెళ్ళికీ సరిగా కుట్టలేదు.
వచ్చిన రాత్రి దీపం కింద పరిచి
గుండుసూది మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టాను.
రెండు వేల నూట నలభై.
నమ్మక మళ్ళీ. రెండు వేల నూట నలభై.
పడి లేచేసరికి పాట అయిపోయి
క్షణాలు దాటిందట, మార్గరెట్ తర్వాత చెప్పింది.

కానీ ఆ రాత్రి నేను నవ్వాను. గట్టిగా.
ఎవరూ వినలేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను:
ఒక పిల్ల నాలుగేళ్ళ తెల్లవారుజాములు పోగొట్టుకుంటే
నా ముళ్ళు నిలిచాయని నవ్వాను.

కేలమ్‌కి చోటు దొరికింది.
సాదా నల్ల చొక్కా, నా కుట్టు ఒక్కటీ లేకుండా.

నిన్న నాకు ఫోన్ చేసింది ఓర్లానే.
రింకు అంచున చిన్నపిల్లల్ని గోడ పట్టించి నడిపిస్తోంది.
"వీడి చొక్కా చూడు, దినానికి వెళ్తున్నట్టుంది. ఏదైనా కుట్టు."
కేలమ్ చేతులు చాపి నిలబడ్డాడు.
ఛాతీ ముప్ఫై ఎనిమిది.
వణుకుతున్నాడు, చలికో మార్చి నెలకో.
"పూసలు నా గౌనువే విప్పుకో" అంది ఓర్లా.
ముడి మీద ముడి, కుట్టడం కంటే విప్పడం కష్టం అన్నాను.
నలభై తీస్తాను, కాలరుకి. మిగతావి ఉంచుకో.

"రాలితే ఒక మార్కు పోతుంది," కేలమ్ నసిగాడు.
తెలుసులే బాబూ, కదలకు.