కరెంటు బిల్లు వెనక

కరెంటు పోయింది. మలక్‌పేటల మూడో అంతస్తు.
కొవ్వొత్తి దొరికింది గాని అగ్గిపెట్టె దొరకలే.
పొయ్యి మంటకే ఒత్తి ముట్టిచ్చుకుంట నస్రీన్ అడిగింది:
"బతికున్నోళ్లయినా సరే, పోయినోళ్లయినా సరే,
పెద్ద పేరున్నోళ్లను ఈ రాత్రి బువ్వకు పిలవమంటే
ఎవర్ని పిలుస్తవ్?"

కుర్చీలు నాలుగు. కింది పోర్షనోళ్లవి రెండు అడిగితే ఆరు.
అండ్ల ఒకదానికి కాలు కదులుతది.
మా ఇద్దరికి పోను నలుగురు.
కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీసిన.

ముందు రాజు పేరు రాసి కొట్టేసినం.
ఒక్కడే వస్తడా?
విసనకర్ర పట్టేటోడు ఒకడు, పొగిడేటోడు ఒకడు,
ముందుగాల ముద్ద తిని బతికి చూపించేటోడు ఒకడు.
కుర్చీలన్నీ ఆయనకే సరిపాయె.
పైగా ఖట్టీ దాల్ నచ్చితే నస్రీన్‌ను ఎత్తుకపోయి
వంటశాలల పెడతడు.
నచ్చకుంటే ఏం జేస్తడో మేం మాట్లాడుకోలే.

సినిమా తారను నేనే కొట్టేసిన.
తినని మనిషి ఎదురుగ
రెండోసారి అన్నం పెట్టుకునుడు ఎంత కష్టమో
మా పెద్దాడబిడ్డ ఇంట్ల నాకు తెలిసొచ్చింది.
మహావక్త వస్తే పప్పు చల్లారుతది.
జ్ఞాని వస్తే ఉప్పు తక్కువైనా చెప్పడు,
అదింకా ప్రమాదం.

"రేడియోల వార్తలు చదివే అమృతవల్లి" అన్న.
ఆ గొంతు వినే నాయిన గడియారం సరిచేసుకునేటోడు.
యుద్ధమైనా, వానైనా, ఉల్లిగడ్డ ధరైనా
ఒక్క తీరుగనే చదివేది.
ఆమె తుమ్మంగ వినాలె నాకు.
"ఇంకొంచెం తొక్కు వెయ్యమ్మా" అని అడగంగ వినాలె.

నస్రీన్ వంతు.
సుల్తాన్ బజార్ దుకాణాల బోర్డులు రాసిన పెయింటరట.
ఉర్దూ కుడిదిక్కు నుంచి, తెలుగు ఎడమదిక్కు నుంచి
రాసుకుంట వచ్చి
నడుమ ఎక్కడ ఆగి చాయ్ తాగేటోడో అడగాలంట.
"ఆయన పేరేంది?"
"ఏమో."
"మరి పేరున్నోళ్లను కదా పిలుస్తున్నం."
"ఊరంత చదివింది ఆయన రాతనే కదనే" అన్నది.
నేను 'పెయింటర్ సాబ్' అని రాసిన.

మూడో పేరు ఇద్దరికీ ఒక్కసారే తట్టింది:
ఉస్మానియా దవాఖాన చింతచెట్టు.
పందొమ్మిది వందల ఎనిమిది వరదల
నూటయాభై మందిని కొమ్మల మీద మోసిందంటరు.
లిఫ్టు లేదు, మూడంతస్తులు ఎట్లెక్కుతది?
ఎక్కనక్కరలే. కింద నిలబడి
బాల్కనీలకు ఒక కొమ్మ చాపితే చాలు.
మంచిదే, ఆ కాలు కదిలే కుర్చీ ఎవరికీ వేసే పని లేదు.

"చెట్టును పిలిచి మూసీని పిలవకుంటే ఎట్ల?" అన్న, ఊరికే.
అనంగనే నాలుక కరుచుకున్న.
చాదర్‌ఘాట్ కాడ వాళ్ల అమ్మీ ఇంటి గోడ మీద
మొన్ననే ఎర్ర గుర్తు వేసిపోయిన్రు.
కొవ్వొత్తి మైనం బిల్లు అంచు మీద కారింది.
ఎసరు పొంగి మూత కొట్టుకుంటున్నది.

"అప్పుడైతే ఎవరు పిలిచిన్రు?" అన్నది చాలాసేపటికి.
"ఇండ్లన్నీ తిరిగింది, గిన్నెలన్నీ తీసుకపోయింది.
ఇప్పుడేమో పక్కనుంచి పోతే ముక్కు మూసుకుంటం.
రానీ.
కానీ చెప్పులు బయట విడవమను."

రాసిన. నాలుగో పేరు.

అంతల కరెంటు వచ్చింది.
ఫ్యాన్ గాలికి బిల్లు లేచి బోర్లపడ్డది:
పదమూడు వందల నలభై, గడువు నిన్ననే అయిపోయింది.
గిన్నె మూత తీసి చూస్తే
మాటల్ల పడి ఆరుగురికి బియ్యం పోసింది నస్రీన్.
ఇద్దరం తిన్నం. ఎంత తిన్నా సగం గిన్నె మిగిలింది.

తెల్లారి దాన్ని పులిహోర చేసిన.
చింతపండు పిసుకుతుంటే
గింజ ఒకటి వేళ్ల నడుమ నుంచి జారి
సింకుల టంగుమన్నది.
పిలిచినోళ్లల్ల
ఒక్క చెట్టే వచ్చింది.