కిటికీ రెప్ప

హామర్‌ఫెస్ట్‌లో మే నెల నడిమికి
పొద్దు గుంకడం మానేస్తుంది.
నీళ్ల అంచుదాకా వాలి
ఏదో మరిచిపోయినట్టు
మళ్లీ పైకి లేస్తుంది.

గున్వర్‌కి ప్రసవాల వార్డులో డ్యూటీ.
ఎప్పుడొచ్చి పడుకున్నా గదిలో మిట్టమధ్యాహ్నమే.
కిటికీకి దుప్పటి కట్టింది, వంటింటి రేకు అంటించింది,
చివరికి నా వంక చూసింది.
నలభై ఏళ్లు ఫెర్రీల్లో వైర్లు కలిపినవాణ్ణి,
ఆ చూపు నాకు తెలీదా.

తాడున్న తెర కొంటే సరిపోయేది.
ఆ మాట తనూ అనలేదు, నేనూ ఎత్తలేదు.

బల్ల మీద సామాను పరిచాను.
తుక్కు వోల్వోలోంచి ఊడదీసిన వైపర్ మోటారు,
రెండు రిలేలు, ఒక కంపారేటర్ చిప్పు,
కందిబద్దంత వెలుగు సెన్సరు.
వెలుగు తగిలితే మెత్తబడి కరెంటుకి దారిస్తుంది,
చీకట్లో బిగుసుకుంటుంది.
మా నాన్న దీనికి తలకిందులు,
లాంతరు ఆర్పితే గానీ నోరు విప్పేవాడు కాదు.

స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర ఒకటి.
ఇటు తిప్పితే పగలు, అటు తిప్పితే రాత్రి.
ఆకాశం తేల్చని సంగతి
నేను వెంట్రుకవాసిలో తేల్చేశాను.

మొదటి రాత్రి
(రాత్రి అని గడియారం అంది)
బయట చినుకులని సెన్సర్‌ని గది లోపలే అంటించి
కింద కుర్చీలో గురకపెట్టాను.

వెలుగు చూసింది, తెర దించింది.
తెర దిగింది కనక గది చీకటి.
చీకటి చూసింది, తెర ఎత్తింది.
ఎత్తింది కనక వెలుగు.
తను మూసిన కన్నునే రాత్రనుకుని
తను తెరిచిన కన్నునే తెల్లవారిందనుకుని
మళ్లీ, మళ్లీ.

రెండున్నరకి తలుపు దబదబ.
నిల్లస్. పాయ అవతలి ఒడ్డువాడు.
మోకాళ్ల దాకా తడి, భుజాన తాడుచుట్ట.
ఒక పడవ ఇంజను బాకీ మీద
పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.
"ఎవరికేమైంది?" అన్నాడు రొప్పుతూ.
"గంట నుంచీ మీ కిటికీ కొట్టుకుంటోంది.
తెల్లగా, ఆగి, తెల్లగా.
సాయం అడుగుతున్నారనుకున్నా."

ఇద్దరం మేడెక్కాం.
కాలిన నూనె వాసన. తెర దిగుతోంది, ఎక్కుతోంది.
నిల్లస్ చాలాసేపు చూశాడు.
"దీన్ని అద్దం అవతల పెట్టు.
తన నీడ చూసి తనే జడుసుకుంటోంది."

సర్క్యూట్ చదువుకున్నవాణ్ణి నేను.
నిచ్చెన పట్టుకున్నవాడు అతను.
బాకీ ఊసు రాలేదు. కాఫీ రెండుసార్లు కాచాను.

మర్నాడు ఇంకో రెసిస్టర్ కలిపాను,
సముద్రపు కాకి రెక్క అడ్డొచ్చినంత మాత్రాన
మాట మార్చకుండా,
అన్నదాని మీద కాసేపు నిలబడడానికి.
పైనొకటి కిందొకటి స్విచ్చులు, ఇక చాలనడానికి.
జూనంతా గున్వర్ నిద్రపోయింది.

నవంబరు చివర సూర్యుడు వెళ్లిపోయాడు.
రెండు నెలలు తెర ఎత్తినట్టే ఉంది.
మోటారు మీద దుమ్ము.

జనవరి ఇరవై ఒకటి.
వీధిలో పిల్లలు జామ్ బన్నులు తింటూ
దక్షిణం వైపు మెడలు సాచారు.
మా కిటికీ దగ్గర గున్వర్, పక్కన నిల్లస్.
కొండ అంచున నారింజ తొనంత వెలుగు,
సూటిగా మా అద్దం మీదికి.

గర్ర్‌మంది.

రెండు నెలలు కాచుక్కూర్చున్న బంటులా
తెర దిగడం మొదలెట్టింది.
గున్వర్ నుదుటి మీది వెలుగు
కళ్ల మీదికి, ముక్కు మీదికి, గడ్డం మీదికి జారింది.
నిల్లస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

దాని తప్పేముంది.
జూన్‌లో నేను చెప్పిన మాట
జనవరిలో కూడా గుర్తుపెట్టుకుంది, అంతే.

ఫ్యూజు పీకాను.
తెర కిటికీ అడుగుకి జానెడు ఎత్తున ఆగిపోయింది.
వైపర్ మోటారు, చేత్తో లాగితే కదలదు.
ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని,
మా ముగ్గురి వయసూ కలిపితే రెండువందలు,
ఆ జానెడు సందులోంచి
ఉన్న నాలుగు నిమిషాలూ చూశాం.

ఫ్యూజు చొక్కా జేబులోనే ఉంది.
మే దాకా అక్కడే ఉంటుంది.