కోతలు

కుర్రాళ్లు కోతలు కోస్తారు,
ఇగ్నాసియా వాళ్లని కోస్తుంది.
ఫుతాలెయుఫూ ఒడ్డున, చెక్క గదిలో, కంప్యూటరు ముందు.

వరస తెలిసిందే.
వ్యాను, దాని నెత్తిన రంగు పడవలు,
ఒకడి ఆవులింత, కాఫీ,
తర్వాత జలపాతం. డ్రమ్ములు.
వాడు గాలిలో ఉన్నంతసేపూ కాలం జిగురులా సాగాలి.
నురగలోంచి ముందు తెడ్డు లేవాలి,
ఆ వెనక నవ్వు.

పదకొండో క్లిప్పులో లౌతారో.
అంచున నలభై నిమిషాలు కూర్చున్నాడు.
గడ్డిపరక నమిలి ఉమ్మాడు.
పడవ భుజానికెత్తుకుని
దోన్ ఎలెయుతేరియో గొర్రెల దొడ్డి మీదుగా
నడిచి దిగాడు.
ముసలాయన కంచె తలుపు తీసి పట్టుకున్నాడు.
"రాత్రంతా పైన వాన. మంచి పని చేశావు."
ఓ గొర్రె పడవని వాసన చూసింది.

దీనికి ఏ పాటా అతకదు.
స్పాన్సరు స్టిక్కరు కూడా కనబడదు, మోచెయ్యి అడ్డం.

తీసేసింది.
టీ పెట్టుకుంది. తాగకుండానే వచ్చి
మళ్లీ పెట్టింది.
నలభై నిమిషాలూ కాదులే,
నాలుగు.
అన్ని జలపాతాలూ అయిపోయాక, చిట్టచివర,
నవ్వు ఉండాల్సిన చోట.
డ్రమ్ములు ఆపి చూసింది:
వెనకెక్కడో, ఇన్నాళ్లూ వినబడని
గొర్రె మెడలో గంట.