చైర్మన్ గారి ఉత్తరానికి తెలుగు

ఉత్తరం పదకొండు పేజీలు. ఇంగ్లీషు.
మొదటి పేజీలో ఆయన నవ్వు,
వెనక మరకలేని ఆకాశం. మన ఊరిది కాదు,
మన ఆకాశంలో ఏదో ఒక మూల పోర్టు దుమ్ముంటుంది.
"నీకు నాలుగు ముక్కలొచ్చు కదా,
లోడర్లకీ క్లీనర్లకీ చదివి చెప్పేయ్,"
అన్నాడు స్టేషన్ మేనేజరు, నా మొహం చూడకుండా.

నైట్ షిఫ్టు దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు
సామాన్ల షెడ్డులో ట్రాలీల మీద కూచున్నారు.
మేఘాద్రిగెడ్డ వైపు నుంచి దోమలు కూడా వచ్చాయి మీటింగుకి.

మొదటి వాక్యం సులువే:
కంపెనీ విస్తరిస్తుంది.
మూడేళ్ళలో నలభై విమానాలు, పద్దెనిమిది కొత్త ఊళ్ళు.
"ఇక్కడున్నదే ఒక టగ్గు,
దాని బ్రేకు పైడితల్లమ్మ దయ," అన్నాడు అసిరినాయుడు.
అది ఉత్తరంలో లేదు. పేజీ తిప్పాను.

సీటు ఒక్కింటికి ఇంత ఖర్చని ఒక గీత,
ఏడాదికేడాది కిందికి దిగాలట.
గాల్లో వేలితో గీసి చూపించాను.
నూకరత్నం ఆ వేలినే చూసింది.
నూట ఎనభై సీట్లు పన్నెండు నిమిషాల్లో తుడుస్తుంది తను.
సీటు జేబుల్లో వాంతి సంచులు, పాలసీసాలు,
ఒకసారి ఎవరివో కట్టుడుపళ్ళు.
"నలుగురి పని ఇద్దరం చేత్తన్నాం బాబూ,
ఆ గీత ఇంకా దిగితే నేల్లోకే."

రైట్‌సైజింగ్ అన్న మాట దగ్గర ఆగిపోయాను.
సరైన కొలతకి తేవడం, అన్నాను చివరికి.
మా నాన్న పూర్ణా మార్కెట్ సందులో దర్జీ.
ఒంటిని బట్టి గుడ్డ కత్తిరించేవాడు.
గుడ్డను బట్టి ఒంటిని కత్తిరించడం
ఆయన నేర్పలేదు నాకు.

ఏడో పేజీలో మేమున్నాం. పేర్లు లేవు.
'కొన్ని స్టేషన్లలో సిబ్బంది సహాయ నిరాకరణ.'
మేం పని మానలేదు.
పదిహేడో తారీకు నుంచి
కంపెనీయే అచ్చేయించిన పచ్చ అట్ట పుస్తకం
అక్షరం తప్పకుండా పాటిస్తున్నాం, అంతే.
బరువు పెట్టెకి ఇద్దరు.
లైటు లేని ట్రాలీ కదలదు.
ఉరుము వినపడితే అందరూ షెడ్డులోకి.
హైదరాబాద్ విమానం గంటన్నర లేటు!
నేవీ వాళ్ళు రన్‌వే ఇచ్చేదే కొన్ని గంటలు,
అందులో ఇది.
అంటే ఇన్నేళ్ళూ టైముకి లేచిందంతా
మా నడుముల మీద, మేం తప్పిన రూళ్ళ మీద.

తర్వాతి వాక్యం ఇలా ఉంది:
ఈ ఎదురుగాలుల్ని దాటి సంస్థ ముందుకే సాగుతుంది.

గరికిన మరిడయ్య అప్పటిదాకా
చేతి తొడుగులో చిరుగు కుట్టుకుంటున్నాడు.
పెదజాలరిపేట మనిషి. పడవ అమ్మేసి ఇటొచ్చాడు.
"ఎదురుగాలంటే మనమేనేటి?"
అవునన్నాను.
"మరి ఇమానం ఎటు తిప్పి లేపుతారు?"
ఎవరూ మాట్లాడలేదు.
ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే,
గాలికి ఎదురు తిరిగి పరిగెత్తితేనే
దాని ముక్కు లేస్తుంది.
"ఎనకగాలికి లెగదు కదా," అన్నాడు,
దారం పంటితో తెంపుతూ.

ఆగస్టు ఓవర్‌టైము గురించి
పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు.
చివరి పేజీలో ఒకే ఒక్క లైను:
'ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలేశాం.'
అదీ చదివాను, తెలుగులో, గట్టిగా.
ఉత్తరం మొత్తంలో
అనుమానం లేకుండా అర్థమైన మాట అదొక్కటే అనుకుంటా,
షెడ్డంతా నవ్వింది.
నూకరత్నం నా జేబులో పెన్ను తీసుకుంది.

మేనేజరు అడిగాడు తర్వాత, ఏమన్నారని.
అర్థమైందన్నారు సార్, అన్నాను.

ఆరూ పదికి బెంగుళూరు విమానం.
బెల్టు మీద ముప్పై నాలుగు కిలోల పెట్టె వచ్చింది.
మరిడయ్య దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు,
రెండో మనిషి కోసం.